మింగళాడోన్‌లో గోంగూర బర్గర్

మన ఇళ్ళలో బర్గర్‌కి ఇంకా భోజనం హోదా రాలేదు. పిల్లలు మారాం చేస్తే కొనిపెట్టేది, విమానాశ్రయంలో ఇంకేమీ దొరక్కపోతే తినేది, “అన్నం మానేసి ఆ గడ్డేమిట్రా” అని పెద్దవాళ్ళ చేత తిట్టించేది, అంతే. ఈమధ్య హైదరాబాదులోనూ విశాఖలోనూ దాన్ని చెక్కపలక మీద పెట్టి, నడుమ ఒక పుల్ల గుచ్చి, ‘గోర్మే బర్గర్’ అని పేరు పెట్టి ఇస్తున్నారు. పుల్ల గుచ్చగానే ధర పెరుగుతుంది. రుచి పెరిగిందా లేదా అన్నది మాత్రం పుల్ల చెప్పదు, దాని కింద ఉన్న నాలుగు సంగతులు చెప్పాలి: రొట్టె, కైమా, సెగ, పులుపు.

ఈ నాలుగూ నాకు బాగా తెలిసొచ్చింది బర్గర్ల దేశమైన అమెరికాలో కాదు, మింగళాడోన్‌లో.

మింగళాడోన్ అంటే యాంగోన్‌కి, అంటే మన పాత రంగూన్‌కి, ఉత్తరపు కొసన ఉన్న టౌన్‌షిప్. ఆ నగరానికి విమానంలో వచ్చేవాళ్ళందరూ మొదట కాలు పెట్టేది ఇక్కడే, ఎందుకంటే విమానాశ్రయం ఉన్నది ఇక్కడే. కానీ ఎవరూ ఇక్కడ ఆగరు. టాక్సీ ఎక్కి సుమారు 15 కిలోమీటర్లు దక్షిణానికి, పాత ఊళ్ళోకి వెళ్ళిపోతారు. ఉద్యోగం పుణ్యమా అని నేను ఆగాను. పేరులో ఉన్న ‘మింగళా’ మనకు తెలిసిన ‘మంగళ’మే, పాళీ నుంచి వచ్చింది. బర్మావాళ్ళు ఎదురుపడితే అనుకునే ‘మింగలాబా’లో ఉన్నదీ అదే. విమానాశ్రయం, సైనిక స్థావరాలు, 1990ల చివర్లో వచ్చిన పారిశ్రామిక పార్కు, బట్టల ఫ్యాక్టరీలు, షిఫ్టు మారే వేళకి టిఫిన్ క్యారియర్లు పట్టుకుని గుంపులుగా నడిచే అమ్మాయిలు. ఇదీ ఊరి స్వరూపం.

ఈ దేశానికి విదేశీ బర్గర్ ఆలస్యంగా వచ్చింది. పాశ్చాత్య దేశాలు ఆంక్షలు సడలించాక 2013లో లొట్టేరియా వచ్చింది. 2015 జూన్‌లో, బొజోక్ మార్కెట్ ఉన్న వీధిలోనే, కె.ఎఫ్.సి. తెరిచింది. మెక్‌డొనాల్డ్స్ ఇక్కడ అడుగు పెట్టనేలేదు. మనకేమో 1996లోనే ఢిల్లీ వసంత విహార్‌లో మెక్‌డొనాల్డ్స్ వచ్చేసింది. అంచేత ఒక తరం పిల్లలు బర్గర్ అంటే ఎర్రటి అట్టపెట్టెలో వచ్చేదే అనుకుని పెరిగారు. బర్మా పిల్లలకి ఆ అచ్చు పడలేదు. యాంగోన్‌లో మంచి బర్గర్ అంటే ఎవరో కుర్రాడు సింగపూర్‌లోనో బ్యాంకాక్‌లోనో వంటింట్లో పనిచేసి, తిరిగొచ్చి, ఆరు బల్లలు వేసుకుని పెట్టుకున్న కొట్టు. ఒక్కో కొట్టుది ఒక్కో చేతివాటం.

మా ఇంటి నుంచి ప్యే రోడ్డు మీదుగా కాస్త దూరం వెళితే అలాంటిదొకటి ఉంది. పేరెందుకు గానీ, దాని పద్ధతి చెబుతాను. ఉదయం బేకరీ నుంచి బన్నులు వస్తాయి. అవి తెచ్చిన రోజే అయిపోవాలి. కైమా మధ్యాహ్నం పదకొండింటికి ఆడతారు, సాయంత్రం ఏడు దాటితే “అయిపోయింది” అంటారు. పెనం నల్లటి ఇనుప పలక. ఉండని దాని మీద పెట్టి, మొదటి అరనిమిషంలోనే గరిటెతో గట్టిగా అదిమి, ఇక ముట్టుకోడు. అంచులు జాలీలాగా గోధుమరంగు తిరిగాక ఒకే ఒక్కసారి తిప్పుతాడు. బన్నుని అదే కొవ్వులో కాలుస్తాడు. ఉల్లిపాయ, ఆవాకుతో పెట్టిన పుల్లటి ఊరగాయ, కాస్త మయొనైజు. అంతే. కొరికితే మొదట కరకర, వెంటనే రసం, చివర్న పులుపు. రెండు చేతులతో పట్టుకుని తినాల్సిందే. ఆ కొట్లో మొదటి నెలలోనే నాకు అయిదారుసార్లు భోజనం అయింది.

ఇక్కడో సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయికి ఈ దేశంలో 2018లో నిర్ణయించిన కనీస కూలి రోజుకు 4,800 చాట్‌లు. తరువాత 2023 చివర్లో ఇంకో వెయ్యి కలిపారు. ఈలోపు చాట్ విలువ పడిపోయి అన్నిటి ధరలూ రెండు మూడింతలయ్యాయి. నేను తినే ఆ బర్గర్ ఖరీదు ఆ అమ్మాయి ఒక రోజు కూలి కంటే ఎక్కువ. కొట్టు అద్దంలోంచి చూస్తే షిఫ్టు దిగి నడిచిపోయే వాళ్ళు కనిపిస్తారు. బర్గర్ పుట్టిందేమో పనివాళ్ళ తిండిగా. 1921లో అమెరికాలో విచిటా అనే ఊళ్ళో వైట్ కాసిల్ మొదలైనప్పుడు ఒక్కోటి ఐదు సెంట్లు. పనివాడు నిలబడి తినగలిగే వేడి మాంసం అది. వందేళ్ళలో అది ఇక్కడికి వచ్చేసరికి పనివాళ్ళు అద్దం బయట ఉన్నారు. ఇంట్లో చేద్దామన్న ఆలోచనకి మొదటి బీజం ఆ అద్దమే.

రెండో బీజం ఇంకా పాతది.

మొదటిసారి ఆ కొట్టుకి వెళ్ళినప్పుడు ఆర్డరు రాసుకునే అబ్బాయి గొంతు తగ్గించి “అమెథా తింటారా?” అని అడిగాడు. అమెథా అంటే గొడ్డుమాంసం. తింటానన్నాను. ఆ గొంతు తగ్గించడం ఎందుకో తరువాత అర్థమైంది. బర్మా బౌద్ధుల్లో చాలామంది గొడ్డుమాంసం ముట్టరు. మతం వద్దన్నందుకు కాదు. నాగలి లాగి, బండి లాగి, బియ్యం పండించిపెట్టిన జంతువుని తినడమేమిటని. 1885 ప్రాంతంలో లెడీ సయాడో అనే గొప్ప భిక్షువు ఇదే మాట చెబుతూ ఒక లేఖ రాశాడు. పేరు ‘న్వా మ్యిట్టా సా’. ‘న్వా’ అంటే ఎద్దు, ఆవు. మనలో విపశ్యన శిబిరాలకి వెళ్ళివచ్చిన వాళ్ళకి గోయెంకా గారి పేరు తెలుసు కదా, ఆయన గురుపరంపర పైకి వెళితే ఈ లెడీ సయాడో దగ్గరే తేలుతుంది. ఆ లేఖ చదివి ఊళ్ళకి ఊళ్ళు గొడ్డుమాంసం మానేశాయి.

1961లో ప్రధాని ఊ ను ప్రభుత్వం పశువధని నిషేధిస్తూ చట్టం చేసింది. మరుసటి ఏడు నె విన్ సైన్యంతో అధికారం పట్టుకుని ఆ చట్టాన్ని తీసేశాడు. మధ్యలో ఆ కొద్ది నెలల్లో జనం గొడ్డుమాంసానికి ఒక ముద్దుపేరు పెట్టుకున్నారు: ‘తోదో థా’. అంటే గుసగుస మాంసం. చట్టం పోయింది, పేరు మిగిలింది.

అది విన్నప్పుడు నాకు మన ‘పెద్దకూర’ గుర్తొచ్చింది. మనమూ దాని పేరు నేరుగా పలకం. తినేవాళ్ళు పెద్దకూర అంటారు, హైదరాబాదులో బడేకా అంటారు. తిననివాళ్ళు అసలు ఆ మాటే ఎత్తరు. లక్షలమంది తెలుగువాళ్ళ ఇళ్ళలో అది ఆదివారం కూర. మరి లక్షలమందికి ఆ వాసనే పడదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బీఫ్ పండుగ పెడితే రాళ్ళు పడ్డాయి. బర్మాలోనూ, మన దగ్గరా ఒకే మాంసం గురించి గొంతు తగ్గుతుంది. కానీ ఒక తేడా ఉంది. ఇక్కడ నేను చూసినంతలో మాననివాడిని మానినవాడు కులం అడగడు. “నేను ఫలానా సంవత్సరం నుంచి మానేశాను” అంటాడు. తన సంగతే చెబుతాడు. ఎదుటివాడి పళ్ళెంలోకి తొంగిచూడడు.

మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు ఢిల్లీలో కొట్టు పెట్టినప్పుడు ప్రపంచంలో తొలిసారి గొడ్డుమాంసం లేని మెనూ రాసుకున్నారు. ఆలూ టిక్కీ వచ్చింది, మహారాజా మ్యాక్ వచ్చింది. దాన్ని చాలామంది ‘సర్దుబాటు’ అన్నారు. నా మటుకు నాకు యాంగోన్‌కి వచ్చాక ఆ మాట తప్పనిపించింది. లొట్టేరియాకి పేరు తెచ్చినవాటిలో రొయ్యల బర్గర్ ఒకటి. అది దేనికీ సర్దుబాటు కాదు, సముద్రం పక్కనున్న జనం చేసుకున్న బర్గర్. రొట్టె, కైమా, సెగ, పులుపు ఉంటే చాలు. కైమా దేనిదన్నది ఆ బల్ల దగ్గర కూర్చున్న వాళ్ళని బట్టి ఉంటుంది.

ఇక సెగ సంగతి. 2021 తరువాత యాంగోన్‌లో కరెంటు కోతలు మామూలైపోయాయి. నాలుగు గంటలుంటే నాలుగు గంటలుండదు, వేసవిలో అదీ నమ్మకం లేదు. జెనరేటర్ల మోత ఇక్కడి వీధి సంగీతం. ఫ్రీజరు మీద ఆశ పెట్టుకోలేం. ముందే అచ్చు వేసి, గడ్డకట్టించి, పొట్లాలు కట్టి అమ్మే ప్యాటీలు సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి గానీ, అవి దారిలో ఎన్నిసార్లు కరిగి ఎన్నిసార్లు గడ్డకట్టాయో ఎవరు చెప్పగలరు?

కైమా విషయంలో ఇది చిన్న భయం కాదు. మాంసం ముక్కగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులు పైపైనే ఉంటాయి, పెనం తగలగానే పోతాయి. మరలో ఆడగానే పైనున్నది లోపలికి పోతుంది. అందుకే స్టేకు లోపల ఎర్రగా ఉన్నా తింటారు గానీ, కైమా మాత్రం లోపలిదాకా ఉడకాలి. అమెరికా వ్యవసాయశాఖ లెక్క ప్రకారం గొడ్డు, పంది కైమాకి 71 డిగ్రీల సెల్సియస్, కోడి కైమాకి 74 డిగ్రీలు. అరచేయంత ఉండే థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే జీవితాంతం పనికొస్తుంది.

ఈ కోతల వల్ల ఒక మేలు జరిగింది. పాతకాలపు పద్ధతికి వచ్చాను. తెల్లవారుఝామున ఐదున్నరకి బజారుకి వెళ్ళడం, కళ్ళముందు కోయించి, కళ్ళముందు కైమా కొట్టించి తేవడం, మధ్యాహ్నంలోగా వండేయడం. పెద్ద పెద్ద హోటళ్ళవాళ్ళు ‘ఆ రోజే ఆడిన మాంసం’ అని మెనూలో గొప్పగా రాసుకుంటారే, ఆ గోర్మేతనం మింగళాడోన్ బజారులో ప్రతి ఇల్లాలికీ రోజూ ఉన్నదే.

ఆ బజారులోనే గోంగూర దొరికింది.

బర్మా భాషలో గోంగూర ‘చిన్‌బౌన్’. ‘చిన్’ అంటే పులుపు. వాళ్ళు దాన్ని ఎండు రొయ్యలతో, వెదురు కొమ్ములతో, పచ్చిమిర్చితో వేయించుకుంటారు. రోజువారీ కూర. మన గోంగూర రొయ్యలకి పినతల్లి బిడ్డ. అంతా తెలిసే, ఆకు చూడగానే నా నోట్లోంచి “గోంగూర!” అని బయటికి వచ్చేసింది. గంపల వెనక కూర్చున్న పెద్దావిడ, థనఖా పూసుకున్న బుగ్గలు, లుంగీ, అచ్చం బర్మా మనిషి, తలెత్తి చూసింది.

“ఏటి బాబూ, మనోళ్ళా?”

కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. “అవునండీ, మాది తూర్పు గోదావరి” అన్నాను.

“మా తాత శీకాకుళం అట. నాను సూణ్ణేదు” అంది. ఆ తరువాత బర్మా భాషలోకి వెళ్ళిపోయింది. ఆమె తెలుగు అంతవరకే ఉంది. తూకం వేసిన దానికి ఇంకో గుప్పెడు ఆకు కలిపింది. “అట్టుకెళ్ళు బాబూ” అంది.

ఆ ‘శీకాకుళం అట’ వెనక పెద్ద కథ ఉంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు కాబట్టి బర్మాలో తెలుగు కూలీలకి ‘కోరంగీలు’ అని పేరు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది ఎక్కువగా వాళ్ళే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. దానికి ఒక ఏడాది ముందు, 1930 మేలో, తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలని దింపారు. సమ్మె ముగిశాక వాళ్ళని పొమ్మన్నారు. ఇద్దరు పేదవాళ్ళ మధ్య చిచ్చు రేగి వీధుల్లో రక్తం పారింది. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక జనం లక్షల్లో కాలినడకన ఇండియాకి బయలుదేరారు. వాళ్ళలో చాలామంది ఉత్తరానికి నడిచిన దారి అప్పటి ప్రోమ్ రోడ్డు. ఇప్పటి ప్యే రోడ్డు అదే. నేను బర్గర్ తినడానికి వెళ్ళే దారి. దారిలో ఎందరు రాలిపోయారో ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు.

లెక్కపెట్టిన వాళ్ళూ ఇక్కడే ఉన్నారు. మింగళాడోన్ టౌన్‌షిప్‌లోనే, అదే రోడ్డు మీద ఇంకా పైకి వెళితే, తౌచాన్ యుద్ధ శ్మశానం వస్తుంది. పచ్చగడ్డి మధ్య 6,374 సమాధులు. నడుమ స్తంభాల మీద, సమాధి కూడా దొరకని సుమారు 27 వేలమంది సైనికుల పేర్లు. చాలా పేర్లు మన దేశపువే. వాటిని చదువుతూ నడిస్తే అరగంటలో కాళ్ళు బరువెక్కుతాయి. సైనికుడి పేరు రాయి మీదికి ఎక్కింది. బస్తా మోసినవాడి పేరు ఎక్కడా లేదు. అతని మనవరాలు గోంగూర అమ్ముతోంది.

1964లో కొట్లన్నీ జాతీయం చేశాక మళ్ళీ లక్షలమంది వెళ్ళిపోయారు. విశాఖ కంచరపాలెం వైపు ‘బర్మా క్యాంపు’ అనే పేరు అలా వచ్చిందే. చెన్నై బర్మా బజారు దగ్గర అథో నూడుల్స్ బండ్లు అలా వచ్చినవే. మనుషులు వెళ్ళారు గానీ తిండి ఇక్కడే ఉండిపోయింది. సమూసా, పలాటా, డాన్‌బౌ (బిర్యానీకి ఇక్కడి పేరు), బఠానీలతో నాన్‌రొట్టె, ఇవి లేకుండా యాంగోన్‌లో ఏ వీధీ నిద్రలేవదు. ఎవరి తిండి ఇవన్నీ అని అడిగితే కుర్రవాళ్ళు “మాదే” అంటారు. నిజమే, వాళ్ళదే.

ఆ రోజు తెచ్చిన గోంగూరతో నాకు రెండు ఆలోచనలు కలిశాయి. బర్గర్‌లో కెచప్ చేసే పని గోంగూర ఎందుకు చేయకూడదు? కొవ్వున్న దాని పక్కన పులుపు కావాలి, అంతేగా. కెచప్‌లో తీపి ఎక్కువై పులుపు దాక్కుంటుంది. గోంగూర ఏదీ దాచుకోదు.

చేసిన పద్ధతి ఇది. నూనెలో వెల్లుల్లి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, ఆకు వేసి, చెంచా నీళ్ళు కూడా పోయకుండా, గరిటె గీస్తే దారి మిగిలేదాకా మగ్గనివ్వాలి. జారుగా ఉంటే బన్ను నానిపోతుంది.

రొయ్యల ప్యాటీకి 400 గ్రాముల వలిచిన రొయ్యల్లో సగం మెత్తగా నూరి, సగం బఠానీగింజంత ముక్కలు చేయాలి. నూరినదానికి ముందే ఉప్పు వేసి ఒకే వైపుకి గట్టిగా కలిపితే జిగురు పుడుతుంది. ఆ జిగురే ప్యాటీని పట్టి ఉంచుతుంది, గుడ్డు అక్కర్లేదు. మాంసం కైమాకి దీనికి సరిగ్గా ఎదురు: ఉప్పు ముందుగా కలిపితే అదే జిగురు పుట్టి, బర్గర్ కాస్తా రబ్బరు ముక్కలా సాగుతుంది. అంచేత మాంసానికి ఉప్పు పెనం మీద పెట్టే ముందు, పైపైనే చల్లాలి. వంటలో ఒకే ఉప్పు, ఒకచోట పని చేస్తుంది, ఒకచోట చెడగొడుతుంది. కోడి అయితే తొడ మాంసమే, చర్మంతో సహా కొట్టించాలి. అయిదింట ఒక వంతు కొవ్వు లేని కైమా ఎండు రంపపు పొట్టే.

శాకాహారులకి ఇక్కడ దేవుడిచ్చిన వరం ఒకటుంది, షాన్ తోఫు. పేరు తోఫు గానీ సోయాతో పనిలేదు, మన శెనగపిండే. కప్పు పిండికి మూడున్నర కప్పుల నీళ్ళు, ఉప్పు, చిటికెడు పసుపు, ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద పదిహేను నిమిషాలు చేయి ఆపకుండా తిప్పాలి. నిగనిగలాడుతూ గరిటెకి బరువుగా తగిలినప్పుడు పళ్ళెంలో వేలెడు మందాన పోసి రెండుమూడు గంటలు వదిలేస్తే జున్నులా గట్టిపడుతుంది. గ్లాసుతో గుండ్రంగా కోసి నూనెలో వేయించాలి. పైన అప్పడంలా, లోపల జున్నులా వస్తుంది. దాని మీద గోంగూర, ఉల్లిచక్రం, నాలుగు వేయించిన వేరుశెనగలు. ఆలూ టిక్కీ దీని ముందు నిలబడదు.

ఇంత తతంగం ఒక్కడి కోసం చేసుకునేది కాదు. అందుకని నెలకో ఆదివారం మధ్యాహ్నం, కరెంటు ఉన్న పూట చూసుకుని, మా మేడ మీది వరండాలో పొయ్యి పెడతాను. కింద వాటాలో ఇంటావిడ వస్తుంది, ఇరవై ఏళ్ళ నుంచి గొడ్డుమాంసం మానేసిన మనిషి. అందుకే నేను బయట తింటాను గానీ ఆ ఇంట్లో అది వండను. నన్ను ఎవరూ వద్దనలేదు. పొయ్యి నాదే అయినా పొగ ఆమె కిటికీలోకే పోతుంది కదా. ఆమెకి పంది కైమా. నాతో పనిచేసే ముస్లిం మిత్రుడికి కోడి, దానికి వేరే పెనం, వేరే గరిటె. అతను అడగలేదు, నేనే పెట్టాను. మా ఆఫీసులో గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయికి తోఫు. రెండు వీధుల అవతల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే, ఇంటావిడ మేనకోడలు, తన స్నేహితురాళ్ళిద్దరిని వెంటబెట్టుకొస్తుంది. వాళ్ళకి రొయ్యలు. వాళ్ళు బన్ను తీసేసి, ప్యాటీనీ గోంగూరనీ అన్నంలో కలుపుకుని తిన్నారు మొదటిసారి. గుంటూరు అమ్మాయి అది చూసి తనూ బన్ను పక్కన పెట్టింది. “అన్నా, దీంట్లో నెయ్యి ఉంటేనా…” అంది. రెండోసారి నెయ్యి పెట్టాను.

ఒకే ఆకారం, లోపల ఎవరిది వాళ్ళది. విందు భోజనంలో ఒకరు తినేది ఇంకొకరు తినకపోతే బంతిలో ఎడం వస్తుంది, మన దగ్గర బంతులే వేరయిపోతాయి. బర్గర్ ఆ ఇబ్బంది పెట్టదు. అందరి చేతిలోనూ బన్నే, అందరి మోచేతుల మీదుగానూ అదే పులుపు కారుతూ ఉంటుంది. తొంభై ఏళ్ళ కిందట ఇదే నగరంలో కూలి కోసం మా తాతలూ వాళ్ళ తాతలూ ఒకరినొకరు కొట్టుకున్నారన్న సంగతి ఆ వరండాలో ఎవరం ఎత్తలేదు. ఎత్తకపోవడం మంచిదో కాదో నాకు తేలలేదు. ఏదో ఒకరోజు, తిండి అయ్యాక, టీ తాగుతూ ఎత్తాలి. ఆకలితో ఉన్నప్పుడు మాత్రం కాదు.

డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో, మియాపూర్‌లోనో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి బర్మా బజారు అక్కర్లేదు. శెనగపిండి మీ డబ్బాలోనే ఉంది. గోంగూర ఇండియన్ స్టోరులో దొరక్కపోతే బర్మా వాళ్ళ కొట్టు ఉందేమో చూడండి, చిన్‌బౌన్ అని అడగండి. నిలవ గోంగూర పచ్చడి వాడితే ఉప్పు ఇంకెక్కడా వేయకండి. బన్ను తియ్యగా ఉండేది వద్దు, మామూలుది తీసుకుని వెన్నలో కాల్చండి, రసం తాగకుండా నిలబడుతుంది. ఎవరెవరు ఏమేం తినరో ముందే కనుక్కోండి, మెల్లగా కాదు, మామూలు గొంతుతోనే. పెనాలు రెండుంటే మూడో మనిషిని కూడా పిలవచ్చు.